రేపల్లె కంప్యూటరులో దారికి చోటు చాలలేదు

మా వైపు పెళ్ళిలో భోజనం తగ్గితే క్షమిస్తారు. శుభలేఖలో పేరు తగ్గితే క్షమించరు. ఫలానా వారింట గారెలు అయిపోయాయన్న సంగతి మర్నాడే మరిచిపోతారు. కార్డు మీద పెద్ద మావయ్య పేరు చిన్న మావయ్య పేరు కింద పడిందన్న సంగతి మాత్రం అలా కాదు. ఆ మావయ్యల మనవలు పెద్దవాళ్ళై, ఒకరితో ఒకరు మాట్లాడటం మానేయడానికి కారణం వెతుక్కుంటున్నప్పుడు కూడా అది పెరుగన్నంలో ఆవకాయ లాగా తాజాగా చేతికి తగులుతుంది. ఎనభైల చివర్లో కంప్యూటరు తెనాలికి వచ్చినప్పుడు దాన్ని తయారుచేసినవాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేరు. నాలుగైదు పొట్టి మాటలు గుర్తుపెట్టుకుంటే బతికిపోవచ్చనుకుంది పాపం. తెనాలి నుంచి రేపల్లె దాకా రైలు పట్టాలకి ఇరువైపులా ఎంతమంది పెద్దమనుషులు ఉన్నారో దానికి తెలియదు.

అప్పటికి నేను బాపట్లలో బీయస్సీ ముగించి, తెనాలిలో మా ఇంటి అరుగు మీద కూర్చుని ఉద్యోగం కోసం ఎదురుచూసే ఉద్యోగం చేస్తున్నాను. అందులో ఆదివారాలు కూడా సెలవు లేదు. భట్టిప్రోలులో మా మేనమామకి ఎరువుల కొట్టు ఉంది. యూరియా బస్తాల మధ్య ఒక ఇనప కుర్చీ వేసి, అది మేనల్లుడిదని ఊరంతా చాటి, దాని మీద పిల్లిని కూడా పడుకోనివ్వకుండా కాపలా కాస్తున్నాడు. ఆ కొట్లో కూర్చున్నవాడి ముక్కు కొన్నాళ్ళకి రాజీనామా ఇచ్చేస్తుంది. మావయ్య ముక్కు ఎప్పుడో ఇచ్చేసింది. మా అత్తయ్య పొయ్యి మీద ఏది మాడ్చినా ఆయనకు తెలిసేది కాదు. వాళ్ళ కాపురం అంత సవ్యంగా సాగడానికి అదే కారణమని మా బంధువుల్లో ఒక అభిప్రాయం ఉంది.

ఆ కుర్చీని తప్పించుకోవడానికి నేను కంప్యూటరు నేర్చుకున్నాను. తెనాలిలో బట్టల కొట్టు పైన ఒక గదిలో నేర్పేవారు. ప్రొప్రయిటరు గారు అంతకు ముందు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపిన మనిషి. విజయవాడ వెళ్ళి వచ్చినప్పుడల్లా తన పేరు వెనక ఒక కొత్త బిరుదు తగిలించుకుని వచ్చేవారు. గదికి ఏసీ పెట్టించారు. వేసవిలో కంప్యూటరు మీద విద్యార్థులకు పుట్టే ఆసక్తి చూసి, దేశం ముందుకు పోతోందని ఆయన కళ్ళు చెమర్చేవి. అక్టోబరులో వానలు పడగానే దేశం మళ్ళీ వెనక్కి పోయేది.

ఆ యంత్రం నల్లటి తెర మీద ఆకుపచ్చ అక్షరాలతో మాట్లాడేది. బొమ్మలు లేవు, మౌసు లేదు. మనం ఒక మాట టైపు చేయాలి, అది ఒక పని చేయాలి. అందుకు దానికి కొన్ని ఇంటి సంగతులు ముందే తెలిసి ఉండాలి. ఇంటికొచ్చిన కొత్త కోడలికి, ఏదైనా కావాలంటే ముందు వంటింట్లో చూడమ్మా, లేకపోతే పెరటి వసారాలో చూడు, అక్కడా లేకపోతే అటకెక్కు అని ఒకసారి చెప్పి ఉంచితే, ఆ తర్వాత కొబ్బరి కోరాం అంటే చాలు, తెచ్చేస్తుంది. చెప్పి ఉంచకపోతే నిలబడ్డ చోటే చుట్టూ చూసి, లేదండి అంటుంది. కంప్యూటరుకి ఇలా చెప్పి ఉంచేదాన్ని పాత్ అంటారు, దారి అని అర్థం. మన ఆజ్ఞ కోసం కాచుకుని ఉన్నప్పుడు తెర మీద అది చూపించే మాటని ప్రాంప్ట్ అంటారు. మామూలుగా అది ఒక సి అక్షరం, పక్కన ఒక బాణం గుర్తు. తాలూకాఫీసు గుమాస్తా తల ఎత్తకుండా ఊఁ అన్నట్టు ఉంటుంది.

ఇలాంటివన్నీ దాచుకోవడానికి కంప్యూటరు లోపల ఒక గూడు ఉంటుంది. దానికి ఎన్విరాన్‌మెంట్ అని పేరు. పేరు చూసి కృష్ణానది లంకంత ఉంటుందని భ్రమపడకండి. మా అమ్మమ్మ దీపం పెట్టుకునే గూడంత. పొద్దున యంత్రం వేయగానే, మనం రాసి ఉంచిన వరసలో ఒక్కొక్కటీ ఆ గూట్లో సర్దుకుంటుంది. గూడు నిండితే తర్వాత వచ్చినదాన్ని చోటు లేదని గుమ్మం బయటే వదిలేస్తుంది. ఈ ముక్క కంప్యూటరుతో పాటు వచ్చిన పుస్తకంలో ఉంది. ఆ పుస్తకం ఎవరైనా చదివేస్తారని ప్రొప్రయిటరు గారు బీరువాలో పెట్టి తాళం వేశారు.

ఆయన మొదటి శాఖ బాపట్లలో పెట్టారు. ఆహ్వానపత్రంలో ఊరి పెద్దలందరి పేర్లూ వేసి, ఒక్క వకీలు గారిది మరిచిపోయారు. వకీలు గారు ఏమీ అనలేదు. సరిగ్గా ప్రారంభోత్సవం వేళకి తన ఇంట్లో పెసరట్టు ఉప్మా ఏర్పాటు చేసి ఊరందరినీ పిలిచారు. అల్లం పచ్చడి వాసన సూర్యలంక దాకా పోయి, సముద్రంలో ఉన్న జాలర్లు పడవలు ఒడ్డుకు తిప్పారు. మా ప్రారంభోత్సవానికి చివరి దాకా నిలిచినవాడు షామియానా మనిషి ఒక్కడే. అతను కూడా విప్పుకుపోవడానికే నిలిచాడు. పిట్టలవానిపాలెం నుంచి ఏసీ కోసం వచ్చే కుర్రాళ్ళతో ఆ శాఖ వేసవి దాటి, వానలకి మూతపడింది.

అప్పుడు రేపల్లెలో ఒక రైసుమిల్లు యజమాని దయతలిచారు. తన మేడ మీద రెండు గదులు ఊరికే ఇస్తాననీ, తన చేతుల మీదుగా ప్రారంభోత్సవం జరగాలనీ అన్నారు. ప్రొప్రయిటరు గారు నన్ను పిలిచి, ఆ ప్రారంభోత్సవం మచ్చ లేకుండా జరిగితే రేపల్లె శాఖకి నువ్వే ఇన్‌ఛార్జివి అన్నారు. మచ్చ పడితే ఏమిటో ఆయన చెప్పలేదు. చెప్పనక్కరలేదు. నా కళ్ళ ముందు భట్టిప్రోలు కుర్చీ దానంతట అదే వచ్చి నిలబడింది.

కరపత్రంలో ఎవరినీ మరవకూడదని ఆయన ఈసారి ఎంత కంగారు పడ్డారంటే, ఒక దశలో రేపల్లె వోటర్ల జాబితానే అచ్చు వేయిద్దామన్నారు. కరపత్రాలు అయ్యాక కూడా ప్రాణం కుదుటపడలేదు. కరపత్రాలు బజ్జీలు కట్టడానికి పోతాయి, కంప్యూటరు మాత్రం శాశ్వతం కదా అన్నారు. విజయవాడలో నేర్చుకొచ్చిన విద్య అప్పుడు బయటికి తీశారు. ప్రాంప్టులో సి అక్షరమే ఉండాలని లేదు, మనం ఏం రాస్తే అది చూపిస్తుంది. కాబట్టి అందులో పెద్దల పేర్లు పెట్టాలి. ఎంటర్ కొట్టిన ప్రతిసారీ పెద్దలందరూ తెర మీద సాక్షాత్కరించాలి.

మొదట శ్రీరామ. దాని కింద మిల్లు యజమాని గారు, తర్వాత డాక్టరు గారు, లూథరన్ చర్చి పక్కన ఉండే రిటైరైన ఇంగ్లీషు మాస్టారు గారు, చివరగా వినయంగా, అన్నిటికన్నా పొడుగ్గా, ప్రొప్రయిటరు గారు. ఒక ఆజ్ఞ ఒక్క లైనులోనే ఇమడాలని కంప్యూటరు పట్టుబట్టింది. ఆయన డిగ్రీలు పీకేయించారు, ఇంటిపేర్లని ఒక్కొక్క అక్షరానికి కుదించారు, ఒక్క గారుని కూడా ముట్టుకోనివ్వలేదు. రోజూ మొదలుపెట్టే వరసలో నేను దారిని ముందు రాసి, పేర్లని తర్వాత రాశాను. ఆయన చూసి ముఖం చిట్లించారు.

“ఏంటయ్యా ఇది. పెద్దలు నిలబడి ఉంటే దారి ముందు కూర్చుంటుందా? ముందు పెద్దలు, తర్వాత దారి.”

అలాగేనండి అని మార్చాను. తెనాలిలో వేసి చూస్తే పనిచేసింది. పేర్లు గూట్లో సర్దుకున్నాక, పండగ బస్సులో చివరి ప్రయాణికుడిలాగా దారి కూడా ఎలాగో ఒక కాలు మోపి వేలాడింది.

దీపం వెలిగించడం కూడా తెర మీదే జరగాలని ప్రొప్రయిటరు గారి ఆలోచన. నేను కూర్చుని ఒక కుందిని గీసే ప్రోగ్రాం రాశాను. జ్యోతి అని ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసి ఎంటర్ కొడితే, తెర మీద వత్తులు ఒకదాని తర్వాత ఒకటి ఆకుపచ్చగా వెలుగుతాయి. అది డెమో అనే అరలో ఉంది. ఆ అర ఎక్కడుందో దారిలో చెప్పి ఉంచాను.

కంప్యూటరుని రెండు బొంతల్లో చుట్టి, తెనాలి నుంచి రేపల్లె ప్యాసింజరులో పసిపిల్లలా ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళాం. అందులో ఏముందో తెలియక పక్కనున్న ముసలావిడ ఎన్నో నెల అని అడిగింది. భట్టిప్రోలులో రైలాగగానే కిటికీ దగ్గర మావయ్య ప్రత్యక్షమయ్యాడు. ఆయన కన్నా ముందు యూరియా వాసన ప్రత్యక్షమైంది. మూటను పైకీ కిందకీ చూశాడు.

“ఏరా, ఇది తిండి పెడుతుందంటావా?”

పెడుతుంది మావయ్యా అన్నాను.

“పెట్టకపోతే సాయంత్రం బండికి దిగిపో. కుర్చీ తుడిపించి ఉంచుతా.”

రేపల్లెలో మేడ మెట్ల కింద చెప్పుల కుప్ప చూస్తేనే ఊరంతా వచ్చిందని తెలిసింది. మిల్లు యజమాని గారు ఇస్త్రీ పంచె నలగకుండా నిలబడే ఉన్నారు. ముహూర్తానికి కాస్త ముందు మెట్ల మీద సందడి అయింది. కాకుమాను నుంచి ఆయన వియ్యంకుడు గారు దిగారు. రానని కబురు పెట్టి, వచ్చేయడం వియ్యంకుల హక్కు. ఆయన తెర ముందు నిలబడి పేర్లు చదివి, ఏమీ అనకుండా కిటికీలోంచి బయటికి చూడటం మొదలుపెట్టారు. బాపట్లలో వకీలు గారు కూడా మొదట ఏమీ అనలేదు. ప్రొప్రయిటరు గారికి అక్కడ కొత్తగా పెట్టించిన ఏసీలో చెమట పట్టింది. నా భుజం నొక్కి, ఆయన పేరు ఎక్కించమన్నారు. లైనులో మిగిలిన కాస్త జాగాలో, గారుతో సహా, ఎక్కించాను. యంత్రం ఆపి మళ్ళీ వేశాను. తెర మీద ఏదో ఒక లైను తళుక్కుమని మాయమైంది. మొదలయ్యేటప్పుడు తెర శుభ్రంగా ఉండాలని ప్రొప్రయిటరు గారు వరస చివర తెర తుడిచే ఆజ్ఞ ఒకటి పెట్టించి ఉన్నారు. ఆ లైను ఏమిటో చదివేలోపు అది తుడిచేసింది. వియ్యంకుడు గారి పేరు మిలమిలలాడింది. ఆయన కిటికీ వదిలి వచ్చి కుర్చీలో కూర్చున్నారు.

వేద మంత్రాలయ్యాయి. మిల్లు యజమాని గారు కీబోర్డు ముందు కూర్చుని, జ్యోతిలో మొదటి అక్షరం కోసం బయల్దేరారు. పుల్లయ్య ఊరెళ్ళినట్టు ప్రతి వరసలోనూ తిరిగి, ఆ అక్షరాన్ని పట్టుకుని పొడిచారు. చివరికి ఎంటర్ కొట్టారు. దీపం వెలగలేదు. తెర మీద ఒక ఇంగ్లీషు లైను వచ్చింది. దాని కింద, ప్రాంప్టు కాబట్టి, పెద్దల పేర్లన్నీ వచ్చాయి.

అందరూ ముందు వరసలోని ఇంగ్లీషు మాస్టారి వైపు చూశారు. ఆ ఊళ్ళో సగంమందికి ఏ బీ సీ డీలు ఆయనే నేర్పారు. ఆయన కళ్ళజోడు సవరించుకుని లేచారు.

“బ్యాడ్ కమాండ్ అంటోందండి. అంటే ఆజ్ఞ తప్పుగా ఇచ్చారని. ఎవరెవరో పేర్లు కూడా కింద ఇచ్చిందండి.” పేర్లు చదువుకుంటూ మధ్యలో ఆగారు. “నేనేం చేశానండి? నేను కూర్చునే ఉన్నాను.”

మిల్లు యజమాని గారు మళ్ళీ ఎంటర్ కొట్టారు, పేర్లు మళ్ళీ వచ్చాయి. జ్యోతి అని మళ్ళీ కొట్టారు, తప్పుడు ఆజ్ఞ అని వచ్చి, కింద మళ్ళీ పేర్లు వచ్చాయి. తెర నిండా నేరం, ముద్దాయిలు, నేరం, ముద్దాయిలు. డాక్టరు గారు తనకు రోగులున్నారని లేచారు. వియ్యంకుడు గారి గొంతు చల్లగా వినిపించింది.

“నా పేరు ఇప్పుడేగా ఎక్కించారు బావగారూ. అప్పుడే తప్పులో వేశారా?”

ఆ బావగారు పిలుపు విని మిల్లు యజమాని గారి ముఖం తవుడు రంగుకి తిరిగింది. ప్రొప్రయిటరు గారి వైపు చూసి, మేడ సంగతి రేపు మాట్లాడుకుందాం అన్నారు. మా వైపు రేపు మాట్లాడుకుందాం అంటే ఇక ఏ నాడూ మాట్లాడుకోం అని. ప్రొప్రయిటరు గారు నా వైపు చూశారు. నాకు సాయంత్రం బండి కూత వినిపించింది, అది ఇంకా గుంటూరులో కూడా బయల్దేరకముందే.

అయ్యా ఒక్క నిమిషం అని కీబోర్డు దగ్గరికి వెళ్ళాను. దీపం ఉన్న చోటు తెలుసు, అది కదలలేదు. మరి ఎందుకు దొరకలేదో చూద్దామని పాత్ అని టైపు చేసి, దారి ఏముందో చూపించమన్నాను. నో పాత్ అంది. మాస్టారు అలవాటుగా లేచి, దారి లేదంటోందండి అని అనువదించారు. వెనక ఎవరో నవ్వారు. నాకు మాత్రం సంగతి అర్థమైంది. వియ్యంకుడు గారు గూట్లో అడుగుపెట్టగానే దారి కాలు జారి బయట పడిపోయింది. ఇందాక తళుక్కుమన్న లైను చెప్పింది అదే, గూట్లో చోటు లేదని.

ఒక పేరు తీసేస్తే దారికి చోటొస్తుంది. ఎవరిది తీయాలి? వియ్యంకుడు గారిది తీస్తే మేడ పోతుంది. మిల్లు యజమాని గారిది తీస్తే మేడతో పాటు మెట్లు కూడా పోతాయి. మాస్టారిది తీస్తే ఊరికి ఇంగ్లీషు పోతుంది. డాక్టరు గారిది తీస్తే, నాకు ఎప్పుడో ఒకనాడు జ్వరం రాకపోదు. ప్రొప్రయిటరు గారిది తీస్తే చోటు బోలెడొస్తుంది, అందులో నా ఉద్యోగం కూడా పడుకోవచ్చు, కానీ ఆ ఉద్యోగం ఇవ్వవలసింది ఆయనే. శ్రీరాముడిది తీయవచ్చు. ఆయన పాపం ఏమీ అనడు. అది చూసి మిగిలినవాళ్ళు ఊరుకోరు.

అప్పుడు మళ్ళీ కొత్త కోడలు గుర్తొచ్చింది. ఏ గదుల్లో వెతకాలో చెప్పి ఉంచకపోతే ఏమైంది, వస్తువు ఉన్న చోటు చెబితే చాలదా? కొబ్బరి కోరాం తెమ్మనే బదులు, అటక మీద ఇత్తడి బిందె వెనక ఉన్న కొబ్బరి కోరాం తెమ్మంటే సరి. మిల్లు యజమాని గారి పక్కన వంగి అన్నాను.

“బాబాయి గారూ, పేరు ఒక్కటే కొడితే దానికి తెలియట్లేదండి. పూర్తి అడ్రసు కొట్టాలి. మీ పేర్లు ఉండగా ఇంక వేరే దారి ఎందుకండి.”

ఆయనకి ఆ చివరి మాట నచ్చింది. అడ్రసు నేను చెప్పాను, సి, కోలన్, వెనక్కి వాలిన గీత, డెమో, మళ్ళీ గీత, జ్యోతి. కోలన్ దగ్గర చిక్కొచ్చింది. దానికి షిఫ్ట్ మీట నొక్కి ఉంచి, రెండో చేత్తో ఇంకోటి కొట్టాలి. ఆయన రెండో చేయి పంచె కుచ్చెళ్ళు పట్టుకుని ఉంది. ఆ చేయి వదిలే ప్రశ్న లేదు. వియ్యంకుడు గారిని షిఫ్ట్ పట్టుకోమని వేడుకున్నాను. ఆయన లేచి వచ్చి, పెళ్ళిలో కన్యాదానం చేసినంత గంభీరంగా పట్టుకున్నారు. ఈయన పొడిచారు. వియ్యంకులిద్దరూ కలిసి ఒక కోలన్ కన్నారు. తర్వాత వెనక్కి వాలిన గీత కోసం ఇద్దరూ చెరో వైపు నుంచి వెతికి, మధ్యలో కలుసుకున్నారు.

ఎంటర్ కొట్టగానే కుంది వచ్చింది, వత్తులు వెలిగాయి. చప్పట్లకి మిల్లులో పావురాలు లేచిపోయాయి. మాస్టారు మళ్ళీ లేచి, ఇప్పుడు ఏమీ అనట్లేదండి అని ప్రకటించారు. ప్రొప్రయిటరు గారు అప్పటిదాకా ఎక్కడ ఉన్నారో గానీ మైకు దగ్గర తేలారు. వియ్యంకులిద్దరి చేతుల మీదుగా జ్యోతి వెలగాలన్న సంకల్పంతోనే తాము మొదట దాన్ని వెలగనివ్వలేదని చెప్పారు. డాక్టరు గారు రోగులు లేరని మళ్ళీ కూర్చున్నారు.

మిల్లు యజమాని గారు మేడ ఇచ్చారు. రెండు షరతులు పెట్టారు. ఈ అబ్బాయి ఇక్కడే కూర్చోవాలి, ఆ పేర్లు అక్కడే ఉండాలి. సాయంత్రం బండికి నేను భట్టిప్రోలులో దిగలేదు. కిటికీ లోంచి మావయ్యకి చేయి ఊపాను. ఆయన కుర్చీ తుడిచిన గుడ్డనే ఊపాడు.

ఆ విధంగా రేపల్లె కంప్యూటరు దారి లేకుండానే కాపురం మొదలుపెట్టింది. నేను బ్యాచి తర్వాత బ్యాచికి పూర్తి అడ్రసులే నేర్పాను. తెనాలి విద్యార్థులు రెండక్షరాలు కొట్టి పని మొదలుపెట్టేలోపు మావాళ్ళు ఇంకా వీధి పేరు, సందు పేరు రాస్తుండేవారు. గుంటూరులో ఎవరో ఇంటర్వ్యూలో మా కుర్రాణ్ణి, దారి ఒకసారి చెప్పి ఉంచితే చాలు కదయ్యా అని అడిగారట. మా ఊళ్ళో అక్కడ మిల్లు గారి వియ్యంకుడు గారు ఉన్నారండి అని వీడు చెప్పాడట. ఉద్యోగం రాలేదు. వాడు చెప్పినదాంట్లో తప్పేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

తొంభైల్లో ప్రొప్రయిటరు గారు బీరువా తాళంచెవి పోగొట్టుకుని, బీరువా పగలగొట్టించారు. పుస్తకం నా చేతికి చిక్కింది. గూడు చాలకపోతే ఒక్క లైను రాసి పెద్దది చేసుకోవచ్చట. ఆ లైను రాశాను. దారి లోపలికొచ్చింది. జ్యోతి అని ఒక్క మాట కొడితే దీపం వెలిగింది. విద్యార్థులు నమ్మలేదు, అడ్రసు లేకుండా వెలిగిన దీపం దొంగదీపం అన్నట్టు చూశారు. నేను సంబరం పట్టలేక తెనాలికి కబురు చేశాను. ప్రొప్రయిటరు గారు మొదటి బండికే వచ్చారు.

“అయితే ఇంకా చోటుందన్నమాట.”

సెట్ అనే ఆజ్ఞతో గూట్లో ఎవరికి కావాలంటే వారికి ఒక సొంత అర కట్టి, పేరు పెట్టవచ్చు. అధ్యక్షులకొకటి, ఉపాధ్యక్షులకొకటి, గౌరవ సలహాదారులకి తలా ఒకటి కట్టించారు. బాపట్ల శాఖ మళ్ళీ తెరుద్దామని వకీలు గారికి అందరికన్నా విశాలమైనది కట్టించారు. ఆయన్ని రేపల్లె పిలిపించి చూపించారు కూడా. వకీలు గారు కరిగిపోయి, మా అందరికీ పెసరట్టు ఉప్మా పెట్టించారు. వరస మాత్రం పాతదే, ముందు పెద్దలు. దారి మళ్ళీ బయటికొచ్చేసింది. నేను గూడు ఇంకా పెంచాను. ఆయన ఇంకా పెద్దల్ని తెచ్చారు. పెద్దల విషయంలో రేపల్లె తాలూకాకి కరువు లేదు.

ఒకనాడు మావయ్య ఎరువుల పని మీద వచ్చి మేడ ఎక్కాడు. సెట్ అని కొట్టి అందరినీ చూపించాను. పైనుంచి కిందకి వేలు పెట్టి చదివాడు. అయ్యాక నా వైపు తిరిగాడు.

“ఏరా, నీ పేరేది?”

చోటు లేదు మావయ్యా అన్నాను. కొట్టు బోర్డు మీద మేనల్లుడి పేరు రాయించి ఉంచాననీ, పెయింటు ఇంకా ఊడలేదనీ, కుర్చీ మీద ఇప్పటికీ పిల్లిని పడుకోనివ్వట్లేదనీ చెప్పి, బండి వేళయిందని దిగిపోయాడు. ఆయన వాసన ఇంకా గదిలో ఉండగానే, వరసలో అన్నిటికన్నా అడుగున, బయటపడ్డ దారికి కూడా కింద, నా పేరు టైపు చేశాను. గారు పెట్టలేదు. యంత్రం ఆపి మళ్ళీ వేశాను. ఒక లైను తళుక్కుమంది. ఈసారి అదేమిటో చదవనక్కరలేకపోయింది. తెర తుడిచే ఆజ్ఞ దాన్ని శుభ్రంగా తుడిచేసింది.

మెట్ల కింద చెప్పులు విడుస్తున్న చప్పుడైంది. తర్వాతి బ్యాచి వచ్చి ముందుకు జరిగి కూర్చుంది. ఏసీ చల్లగా ఉంది, యూరియా వాసన మెల్లగా తగ్గుతోంది, కుర్చీ నాదే. సి, కోలన్, వెనక్కి వాలిన గీత, అని మొదలుపెట్టాను.